సబ్లిమేషన్ ఇంకు ఎంపిక: మొదటి ప్రింటు కాదు, మూడో సెట్ చెప్పాలి

సబ్లిమేషన్ అంటే బొమ్మను ముందు కాగితం మీద కొట్టి, హీట్ ప్రెస్ వేడికి ఆ రంగు ఆవిరై గుడ్డలోకో మగ్గు పూతలోకో దిగేలా చేయడం. ఈ పద్ధతిలో మగ్గులు, జెర్సీలు, శాటిన్ కండువాలు ప్రింట్ చేసే చిన్న యూనిట్లలో ఇంకు మీద వచ్చే గొడవ దాదాపు ఒకేలా ఉంటుంది. మొదటి సెట్ (అన్ని రంగుల సీసాలు) పోసినప్పుడు రంగులు అదిరిపోతాయి. రెండో సెట్ పోశాక నలుపు గోధుమ ఛాయలోకి తిరుగుతుంది. లేదంటే రోజూ పొద్దున్నే నాజిల్ చెక్‌లో, అంటే ఇంకు చిమ్మే రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయా అని చూసే పరీక్ష పేజీలో, గీతలు తెగి కనిపిస్తాయి. బ్రాండు అదే, సీసా అదే, లోపలి సరుకు మాత్రం వేరు. అందుకే ఇంకును రంగు ముదురుగా వస్తుందా లేదా అని తూచడం సరిపోదు. ఇవాళ ఇచ్చిన ఫలితాన్నే ఆరు నెలల తర్వాత, మరో బ్యాచ్‌తో కూడా ఇవ్వగలిగితేనే అది నమ్మదగిన ఇంకు. ఈ ఒక్క గుణాన్ని ధర చూసి గానీ, లేబుల్ చూసి గానీ తేల్చలేం. పరీక్షలతో మాత్రం చాలావరకు తేల్చవచ్చు, వాటికి కావలసిన సామానంతా దుకాణంలోనే ఉంటుంది.

సీసాలో ఉన్నదేమిటి

ఫొటోలకు వాడే మామూలు డై ఇంకులో రంగు నీటిలో పూర్తిగా కరిగి ఉంటుంది. సబ్లిమేషన్ ఇంకు అలా కాదు. ఇందులో వాడేవి డిస్పర్స్ డైలు, అంటే నీటిలో దాదాపు కరగని రంగులు. వాటిని చాలా మెత్తగా నూరి, కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా డిస్పర్సెంట్ అనే రసాయనంతో నీటిలో తేలుతూ ఉండేలా చేస్తారు. దీనికి తోడు నాజిల్ దగ్గర ఇంకు ఎండకుండా గ్లిజరిన్, గ్లైకాల్ వంటివి, చుక్క సరిగా తెగి పడటానికి సర్ఫాక్టెంట్, బూజు పట్టకుండా ప్రిజర్వేటివ్ కలుపుతారు.

కణం పరిమాణం సుమారు 0.2 మైక్రాన్ల దగ్గర ఉండాలి. డెస్క్‌టాప్ ప్రింటర్ నాజిల్ రంధ్రం 20 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి, ఒక కణం విడిగా దాన్ని మూయలేదు. కణాలు గుంపు కట్టినప్పుడే ఇబ్బంది మొదలవుతుంది. నూరడంలో తేడా వస్తే అడుగుకు దిగడమూ వేగంగా జరుగుతుంది. కణం వ్యాసం రెండింతలైతే అది కిందికి దిగే వేగం నాలుగింతలవుతుంది. చవక ఇంకు తయారీలో ఖర్చు తగ్గించేది ఎక్కువగా ఇక్కడే: నూరే సమయం, వడపోత, డిస్పర్సెంట్ నాణ్యత.

‘మా డై ప్రత్యేకం’ అనే మాటకు పెద్దగా విలువ ఇవ్వనక్కర్లేదు. డిస్పర్స్ రెడ్ 60, డిస్పర్స్ యెల్లో 54, డిస్పర్స్ బ్లూ 359, 360 వంటి కొద్దిపాటి రంగులే ఈ రంగంలో విస్తారంగా తిరుగుతుంటాయి. అసలు తేడా శుద్ధిలో ఉంది. బట్టలకు రంగు అద్దే తొట్ల కోసం అమ్మే డిస్పర్స్ డై పొడిలో రంగుతో పాటు డిస్పర్సెంటు, లవణాలు కూడా గణనీయంగా ఉంటాయి. ఇంక్‌జెట్‌కు శుద్ధి చేసిన రంగు కావాలి. పొడి నుంచే ఇంకు చేసేస్తే మొదటి రోజు ప్రింటు బాగానే వస్తుంది, ఆ లవణాల దెబ్బ నెలల తర్వాత నాజిళ్లు ఉండే హెడ్ మీద పడుతుంది.

ఏ హెడ్‌కు ఏ ఇంకు

హెచ్‌పీ, కానన్ ఇంటి ప్రింటర్లు థర్మల్ హెడ్‌తో పనిచేస్తాయి. అందులో చిన్న హీటర్ ఇంకును క్షణకాలం మరిగించి, బుడగ ఒత్తిడితో చుక్కను బయటికి తోస్తుంది. వేడికి స్పందించడమే పనిగా ఉన్న ఇంకును అలాంటి హెడ్‌లో పోస్తే హీటర్ మీద పెచ్చు కడుతుంది. ఎప్సన్ హెడ్ పిజో రకం, వేడి లేకుండా కేవలం కదలికతో చుక్కను తోస్తుంది. అందుకే మన ఊళ్లలో ఎల్130, ఎల్3110, ఎల్3250, ఎల్805, ఎల్8050, ఏ3 సైజుకు ఎల్1800, ఎల్18050 వంటి ఎప్సన్ ట్యాంక్ ప్రింటర్లే ఈ పనికి కనిపిస్తాయి. వీటిలో వేరే ఇంకు పోస్తే కంపెనీ వారంటీ ఆశ వదులుకోవాలి, అది తెలిసే దిగాలి. రంగులు సరిదిద్దే ప్రొఫైళ్లు, పరీక్షల జోలికి పోయే ఓపిక లేనివాళ్లకు ఎప్సన్ షూర్‌కలర్ ఎఫ్ శ్రేణి లాంటి, సబ్లిమేషన్ కోసమే చేసిన యంత్రం కొని దాని సొంత ఇంకే వాడటం మంచిది. ఖరీదెక్కువే, కానీ ఇంకు తలనొప్పి చాలావరకు కంపెనీదవుతుంది.

పిజో హెడ్‌లన్నీ ఒకటి కావు. డెస్క్‌టాప్ ఎప్సన్‌కు కావలసిన చిక్కదనం సాధారణంగా 3 నుంచి 5 మిల్లీపాస్కల్ సెకన్ల మధ్య ఉంటుంది. సాగ్రాస్ కంపెనీ ప్రింటర్లు ఎస్‌జీ500, ఎస్‌జీ1000 వాడే జెల్ రకం ఇంకు అంతకన్నా చిక్కన. పెద్ద రోల్ యంత్రాల్లోని ఐ3200, ఎక్స్‌పీ600, క్యోసెరా హెడ్‌లకు దేని లెక్క దానిదే. పల్చని ఇంకు అయితే నాజిల్ చుట్టూ చెమ్మలా చేరి, చుక్కలు పక్కకు పడతాయి, గీతలు మసకబారతాయి. చిక్కని ఇంకు అయితే నిండు రంగు పేజీ మధ్యలో సరఫరా అందక తెల్ల చారలు పడతాయి. ‘అన్ని హెడ్‌లకూ పనిచేస్తుంది’ అని రాసిన సీసాను పక్కన పెట్టేయడమే మంచిది. టెక్నికల్ డేటా షీట్‌లో హెడ్ పేరు, చిక్కదనం, ఉపరితల తన్యత రాసి ఇచ్చే తయారీదారు కనీసం కొలిచాడని అర్థం. సేఫ్టీ డేటా షీట్ అడిగితే దాని 9వ విభాగంలో పీహెచ్ తదితర భౌతిక గుణాలు ఉండాలి. అక్కడ గడులన్నీ ఖాళీగా ఉన్నాయంటే ఆ కాగితం ఎక్కడి నుంచో నకలు చేసినదే కావచ్చు.

ఆరు రంగుల ప్రింటర్లలో మరో చిక్కు ఉంది. లైట్ సయాన్ (లేత నీలం), లైట్ మెజెంటా (లేత గులాబీ) అయిపోయాయని ముదురు ఇంకులో నీళ్లు కలిపి పోసేవాళ్లున్నారు. నీళ్లు పడగానే డిస్పర్సెంట్ పలచబడి కణాల మీద పట్టు తప్పుతుంది, గుంపులు మొదలవుతాయి. అంతటితో ఆగదు. లేత ఇంకు బలానికీ ముదురు ఇంకు బలానికీ ఉన్న నిష్పత్తి మారితే ముఖం రంగుల్లో, ముఖ్యంగా బుగ్గల నీడల్లో, పట్టీలు కనిపిస్తాయి.

కొన్న రోజే చేయాల్సిన పరీక్షలు

ట్యాంకులో పోయకముందే కొంత తెలుస్తుంది. సీసాను కదపకుండా రెండు వారాలు ఉంచి, మెల్లగా తలకిందులు చేసి అడుగున టార్చి వేయాలి. పల్చటి పొర ఉండి, సీసాను నాలుగైదు సార్లు దొర్లిస్తే కలిసిపోతే ఫరవాలేదు. బంకలా పట్టుకుని వదలకపోతే ఆ బ్యాచ్ వద్దు. ఇంకో పరీక్ష ఫిల్టర్ పేపర్‌తో: ఒక్క చుక్క వేసి ఆరనివ్వాలి. రంగు మధ్య నుంచి అంచు దాకా సమంగా పాకితే కణాలు విడివిడిగా ఉన్నట్టు. నడిమధ్యలో ముదురు మచ్చ, చుట్టూ పాలిపోయిన వలయం కనిపిస్తే గుంపు కట్టినట్టు. కాఫీ ఫిల్టర్ కాగితమైనా దీనికి సరిపోతుంది.

ప్రింటర్‌లో పోశాక చూడాల్సినవి రెండు. నాజిల్ చెక్ తీసి, వరసగా ఎనిమిది పది ఏ4 పేజీలు నాలుగు రంగుల నిండు పట్టీలతో కొట్టి, వెంటనే మళ్లీ నాజిల్ చెక్ తీయాలి. రెండో దాంట్లో గీతలు తెగితే సరఫరా లోపం. తర్వాత ప్రింటర్‌ను రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున క్లీనింగ్ చేయకుండా నాజిల్ చెక్ తీయాలి. ఇక్కడ తెగితే ఇంకు నాజిల్ మూతి దగ్గర ఎండుతోంది. రోజూ ఒకే చోట తెగుతుంటే పూడిక. ఒక్కోసారి ఒక్కో చోట తెగుతుంటే గాలి బుడగలు, డంపర్ (హెడ్‌కు ముందు ఇంకు నిలిచే చిన్న గది) లేదా ట్యూబు వైపు చూడాలి. ఈ రెండింటినీ వేరు చేయకుండా ఇంకును తిట్టి హెడ్ క్లీనింగ్ మీద క్లీనింగ్ కొట్టడం వల్ల ఇంకు వృథా, క్లీనింగ్‌లో పోయే ఇంకును పీల్చుకునే వేస్ట్ ప్యాడ్ త్వరగా నిండటం తప్ప ఒరిగేది లేదు.

బుడగలకు చాలాసార్లు కారణం పోసే పద్ధతే. సీసాను దగ్గు మందు సీసాలా ఎడాపెడా ఊపి వెంటనే పోస్తే నురగ కూడా ట్యాంకులోకి పోతుంది. మెల్లగా దొర్లించి, అరగంట ఆగి, గోడ వెంట జారేలా పోయాలి.

నలుపు, వేడి

సబ్లిమేషన్‌లో నలుపు అనే ఒంటరి రంగు సాధారణంగా ఉండదు. పసుపు లేదా గోధుమ, ఎరుపు, నీలం డైలు కలిపి నలుపు చేస్తారు. ఒక్కో డై ఆవిరయ్యే వేడి ఒక్కోటి. ప్రెస్ కింద ఒకటి ముందు లేచి, మరొకటి కాగితం మీదే మిగిలితే నలుపు ఆకుపచ్చగానో గోధుమగానో తిరుగుతుంది. ‘గోధుమ వస్తే వేడి ఎక్కువైనట్టు’ అనే సూత్రం అన్ని ఇంకులకూ వర్తించదు. ఏ డైలు కలిపారన్న దాన్ని బట్టి వేడి తక్కువైనా అదే ఛాయ రావచ్చు.

అందుకే మెట్ల పరీక్ష చేయాలి. ఒకే నూరు శాతం పాలిస్టర్ గుడ్డ, ఒకే కాగితం, ఒకే ఒత్తిడి, 45 సెకన్లు. నిండు నలుపు, 50 శాతం బూడిద, 20 శాతం బూడిద పట్టీలను 180, 190, 200, 210 డిగ్రీల దగ్గర విడివిడిగా కొట్టి పక్కపక్కన పెట్టాలి. మంచి ఇంకులో 190, 200, 210 ముక్కల మధ్య తేడా చాలా తక్కువ. ప్రతి మెట్టుకూ ఛాయ మారే ఇంకుతో రోజువారీ పని నరకమే, ఎందుకంటే ఏ హీట్ ప్రెస్సూ పలక అంతటా ఒకే వేడి ఇవ్వదు. మధ్యలో 200 ఉంటే మూలల్లో 190 ఉండటం మామూలే. బూడిద పట్టీలను మాత్రం ట్యూబ్‌లైట్ కింద చూసి వదిలేయకూడదు, పగటి వెలుగులోకి తీసుకెళ్లి చూడాలి. దుకాణం ఎల్ఈడీ కింద తటస్థంగా కనిపించిన బూడిద ఎండలో ఊదాగా కనిపించడం ఈ ఇంకుల్లో తరచూ జరిగేదే.

ప్రెస్ మీటరు చూపే అంకెను నమ్మి ఇంకును తప్పుపట్టకూడదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలవవచ్చు గానీ, మెరిసే అల్యూమినియం పలక మీద అది అసలు కన్నా తక్కువ చూపుతుంది. పలక మీద టెఫ్లాన్ షీట్ బిగించి, దాని మీద కొలిస్తే అంకె నిజానికి దగ్గరగా ఉంటుంది. మగ్గుకు 180 నుంచి 200 డిగ్రీల మధ్య రెండు మూడు నిమిషాలు, గుడ్డకు 195 నుంచి 205 మధ్య 40 నుంచి 60 సెకన్లు సాధారణ మొదలు. అక్కడి నుంచి మెట్ల పరీక్ష చెప్పినట్టు సర్దుకోవాలి. కాకినాడ, విశాఖ వంటి తీర ప్రాంతాల్లో వానాకాలం కాగితం, గుడ్డ తేమ పీల్చుకుంటాయి. గుడ్డను ముందుగా ఐదు పది సెకన్లు ప్రెస్ చేసి ఆవిరి పోగొట్టకపోతే రంగు మచ్చలు మచ్చలుగా దిగుతుంది, నేరం మళ్లీ ఇంకు మీదకే వస్తుంది.

ఐసీసీ ప్రొఫైల్

ఇంకు అమ్మేవాళ్లు ఒక ఐసీసీ ఫైల్ ఇస్తారు. ప్రింటులో రంగులు సరిగా వచ్చేలా కంప్యూటర్ పంపే రంగులను దిద్దే ఫైల్ అది, దాన్నే ప్రొఫైల్ అంటారు. ఆ ఫైల్ ఏ ప్రింటర్, ఏ కాగితం, ఏ గుడ్డ లేదా మగ్గు, ఏ డ్రైవర్ సెట్టింగ్‌తో తయారైందో చెప్పలేకపోతే ఆ ఫైల్‌కు విలువ లేదు. ఎల్3110కు చేసిన ప్రొఫైల్‌ను ఎల్8050లో పెడితే రంగు కుదరదు. ఫొటోషాప్ లేదా కోరెల్‌డ్రాలో ప్రొఫైల్ ఎంచుకున్నప్పుడు ప్రింటర్ డ్రైవర్‌లోని కలర్ మేనేజ్‌మెంట్ ఆపేయాలి. రెండు చోట్లా దిద్దుబాటు జరిగితే చర్మం రంగు ఎర్రబడుతుంది. డ్రైవర్‌లో కాగితం రకం మార్చినా పడే ఇంకు పరిమాణం మారుతుంది, ప్రొఫైల్ చెల్లదు. నల్ల పిగ్మెంట్ ఇంకుతో వచ్చే కొన్ని మోడళ్లలో గ్లాసీ ఫొటో కాగితం ఎంచుకుంటే నల్ల ట్యాంకును ప్రింటర్ అసలు వాడదు, మిగతా మూడు రంగులతోనే నలుపు కడుతుంది. కొత్త నల్ల ఇంకు పోసినా మార్పు కనిపించడం లేదంటే ముందు ఇది చూడాలి.

బ్యాచ్ మారినప్పుడు పనికొచ్చేది పాత నమూనా. మొదటి సెట్‌తో ఒక కలర్ చార్ట్ కొట్టి, గుడ్డ మీద దించి, బ్యాచ్ నంబర్ రాసి, నల్ల కవర్‌లో పెట్టి ఉంచాలి. కొత్త సెట్ రాగానే అదే చార్ట్, అదే వేడిలో కొట్టి పక్కన పెట్టి చూడాలి. పార్టీ కండువాలు, స్కూలు హౌస్ టీషర్టులు చేసేవాళ్లకు ఇది తప్పనిసరి. గులాబీ కాస్త నారింజకు తిరిగినా, పసుపు కాస్త ఆకుపచ్చకు తిరిగినా ఆర్డరు మొత్తం వెనక్కి వస్తుంది. మూడు వరస బ్యాచ్‌లు ఈ పరీక్షలో నిలిచాకే లీటర్ల లెక్కన కొనాలి.

ధర లెక్క మగ్గుకొకటి, జెర్సీకొకటి

నిండు రంగుకు చదరపు మీటరుకు సుమారు 10 మి.లీ. ఇంకు పడుతుందనుకుందాం. మగ్గు చుట్టూ వచ్చే 20 సెం.మీ. బై 9 సెం.మీ. బొమ్మకు 0.2 మి.లీ. లోపే అవుతుంది. 100 మి.లీ. సీసా 300 రూపాయలైతే మగ్గుకు ఇంకు 60 పైసలు, 900 అయితే రూపాయి 80 పైసలు. తేడా 1.20. ఖాళీ మగ్గు ధర 60 రూపాయలనుకుంటే, ఇంకు వల్ల ఒక్క మగ్గు పాడైనా 50 మగ్గుల మీద మిగిల్చింది పోయినట్టే. మగ్గుల పనిలో చవక ఇంకు వెంట పడటంలో అర్థం లేదు.

జెర్సీల లెక్క వేరు. ముందు, వెనుక, చేతులు కలిపి చదరపు మీటరు వచ్చే ఆల్ ఓవర్ ప్రింటుకు అదే లెక్కన చవక ఇంకుతో 30 రూపాయలు, ఖరీదైన దానితో 90 రూపాయలు అవుతుంది. అక్కడ ధర చూడటం సహజమే. అయితే రోల్ యంత్రం హెడ్ ఖరీదు, ఆగిన రోజు కూలి కూడా ఆ లెక్కలో వేసుకోవాలి. డెస్క్‌టాప్ ప్రింటర్‌లోనైతే హెడ్ మార్పిడి ఖర్చు కొత్త ప్రింటర్ ధరకు దగ్గరగా పోతుంది.

సర్టిఫికెట్లు, నిలకడ

ఓకో-టెక్స్ సంస్థ ఇచ్చే ఎకో పాస్‌పోర్ట్ సర్టిఫికెట్ ఇంకులో హానికర పదార్థాలు ఉన్నాయా అని చూస్తుంది. పిల్లల బట్టలు, ఎగుమతి సరుకు చేసేవాళ్లు అడగాల్సిందే. సర్టిఫికెట్ నంబర్‌ను ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు, గడువు కూడా చూడాలి. కానీ రంగు నిలుస్తుందా, నాజిల్ మూసుకుపోతుందా అన్నది దాని పని కాదు.

రంగు నిలకడకు ఐఎస్ఓ 105 శ్రేణి ఉంది: ఉతుకుకు సీ06, వెలుగుకు బీ02, రాపిడికి ఎక్స్12, చెమటకు ఈ04. ఉతుకు, రాపిడి, చెమట ఫలితాలు 1 నుంచి 5 వరకు, వెలుగు ఫలితం 1 నుంచి 8 వరకు అంకెల్లో ఉంటాయి. ఏ గుడ్డ మీద, ఎంత ముదురు ప్రింటుకు ఆ అంకె వచ్చిందో చెప్పని రిపోర్టును పక్కన పెట్టవచ్చు. నిలకడ సీసాకు చెందదు, ప్రింటుకు చెందుతుంది. సులువుగా ఆవిరయ్యే డైలు తక్కువ వేడికే బాగా దిగుతాయి గానీ, తర్వాత వేడికి కదలడమూ సులువే. ఇస్త్రీలోనో, వేడి వేడిగా దొంతర పెట్టినప్పుడో పక్క గుడ్డకు అంటుకుంటాయి. దీన్ని కొలవడానికి ప్రింటు మీద తెల్ల పాలిస్టర్ ముక్క వేసి 150 డిగ్రీల దగ్గర 30 సెకన్లు ప్రెస్ చేస్తే చాలు. కొంత మరక ఏ ఇంకుకైనా వస్తుంది. రెండు ఇంకుల మధ్య ఎవరిది తక్కువో చూడాలి.

ఎండ పరీక్ష ఇంకా తేలిక. ప్రింటులో సగం అట్టతో కప్పి, ఏప్రిల్ ఎండలో మేడ మీద మూడు నాలుగు వారాలు వదిలేయాలి. ‘యూవీ ప్రూఫ్’ అన్న మాట ఎంతవరకు నిజమో అట్ట తీసినప్పుడు కనిపిస్తుంది. ఫ్లోరసెంట్ గులాబీ, ఫ్లోరసెంట్ పసుపు ఎవరి దగ్గర కొన్నా వెలుగుకు ముందుగా తగ్గేవే. వాటిని బయట కట్టే బ్యానర్లకు వాడకపోవడమే మంచిది.

దాచడం, ఆపడం, మార్చడం

లేబుల్ మీద తయారీ తేదీ, బ్యాచ్ నంబర్ లేని ఇంకు కొనకూడదు. పేరున్న బ్రాండు సీసాల్లో వేరే ఇంకు నింపి అమ్మడమూ ఉంది, సీలు చూసుకోవాలి. సాధారణంగా తయారైన ఏడాది లోపు, మూత తెరిచాక ఆరు నెలల లోపు వాడేయమంటారు. అది కూడా 30 డిగ్రీల లోపు ఉంచితేనే. రేకుల షెడ్డులో, రామగుండం, రెంటచింతల వంటి చోట్ల మే నెలలో ఆ లెక్క చెల్లదు. వేడికి డిస్పర్సెంట్ పట్టు సడలి కణాలు దగ్గరవుతాయి. వేసవికి కావలసిన ఇంకు మార్చి లోపే తెప్పించి చల్లని గదిలో పెట్టుకుంటే, పార్సిల్ లారీలో ఉడికిన సీసాలు చేతికి వచ్చే ప్రమాదం తప్పుతుంది.

ప్రింటర్‌ను దాని బటన్‌తోనే ఆపాలి, గోడ స్విచ్‌తో కాదు. బటన్ నొక్కితే హెడ్ తన మూత మీదకు వెళ్లి కూర్చుంటుంది. మధ్యలో కరెంటు పోతే హెడ్ దారిలో ఆగి, నాజిళ్లు గాలికి ఎండుతాయి. కోతలున్న ఊళ్లలో చిన్న యూపీఎస్ అందుకే కావాలి. పని లేని రోజుల్లో అన్ని రంగుల చిన్న పట్టీలు ఉన్న ఒక పేజీ కొడితే చాలు, క్లీనింగ్ కన్నా ఇంకు తక్కువ పోతుంది.

బ్రాండు మార్చేటప్పుడు పాత ఇంకు మీద కొత్తది పోయకూడదు. రెండూ సబ్లిమేషన్ ఇంకులే అయినా డిస్పర్సెంట్లు ఒకదానికొకటి పడకపోవచ్చు. తెలుసుకోవాలంటే రెండింటినీ సమపాళ్లలో గాజు గ్లాసులో కలిపి, మూత పెట్టి, మర్నాడు ఫిల్టర్ పేపర్ మీద చుక్క వేసి చూడాలి. పడకపోతే సిరంజితో ట్యాంకులు ఖాళీ చేసి, కొత్త ఇంకు తయారీదారు చెప్పిన క్లీనింగ్ ద్రవం నింపి, ట్యూబుల్లో రంగు కనిపించనంత వరకు లాగాలి. మామూలు నీళ్లతో కడిగితే ట్యూబుల్లో మిగిలిన పాత ఇంకు అక్కడే గుంపు కట్టవచ్చు. తర్వాత ద్రవం తీసేసి కొత్త ఇంకు పోసి, నిండు పట్టీలు కొడుతూ పోతే మొదట లేతగా, మెల్లగా ముదురుగా వస్తాయి. వరసగా మూడు పేజీల్లో ముదురు ఒకేలా కనిపించాకే కలర్ చార్ట్ కొట్టాలి. అప్పటిదాకా వచ్చిన ప్రింట్లతో ఇంకును అంచనా వేయకూడదు, గిరాకీ పని అసలే చేయకూడదు.